మెడ వరకే

నా తల మీద ఒక్క వెంట్రుక లేదు గాని, హార్లో క్రీక్ ఊరందరి జుట్టూ ముప్పై ఏళ్లుగా నా చేతిలోనే ఉంది. మంగలే గుండుతో నిలబడితే వచ్చినవాళ్లకి గురి ఎలా కుదురుతుందని మా ఆవిడ జోలీన్ మొదట్లో బెంగపడింది. కుదిరింది. ఈ ఊరి మగాళ్లు నా కుర్చీలో కూర్చునేది జుట్టు కోసం కాదు, గురి కోసమే. మెడ చుట్టూ గుడ్డ కట్టానో లేదో, "లైల్, ఈ ఏడు దుప్పికి ఏ గుండు వాడుతున్నావు?" అని మొదలుపెడతారు. ఆడవాళ్ల జుట్టుకి డై వేస్తాను, మగాళ్ల తూటాలకి డై, అంటే అచ్చు, బిగిస్తాను. రెండు చోట్లా పని చెడేది మెడ దగ్గరే.

ఈ రెండో విద్యలో నా గురువు మా మామగారు ఆర్విల్ స్ట్రాండ్. పోయి మూడేళ్లయింది. గోధుమ రైతు, లూథరన్ చర్చివాడు, పరమ మౌని. ఆయన నోరు రోజుకి మూడుసార్లు తెరుచుకునేది, మూడుసార్లూ భోజనానికే. నేనా, నోరు మూస్తే ఊపిరాడనివాణ్ణి. మా ఇద్దరికీ అతుకు వేసింది ఇత్తడి.

1989 అక్టోబరులో, జోలీన్‌ని చేసుకుంటానని చెప్పడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా ట్రక్కులో ప్రసంగం వల్లె వేసుకున్నాను. ఆయన తలుపు తీసి, నన్ను కింది నుంచి పైకి చూసి, "కిందికి రా" అన్నాడు. ఇంటి కింద నేలమాళిగ ఉంది. అక్కడ, కూల్చేసిన పాత చర్చి బెంచీ పలకతో చేసిన బల్ల. తరాలుగా జనం కూర్చుని ప్రసంగాలకు కునికిన ఆ పలక మీద ఒక ఇనప ప్రెస్ బిగించి ఉంది. నా ప్రసంగానికి అంతకంటే తగిన చోటు లేదు. మొదలుపెట్టాను.

"సర్, నేను, మీ అమ్మాయి..."

ఆయన నా అరచేతిలో ఒక ఖాళీ తూటా పెట్టాడు. నా వేలంత పొడుగున, సీసా ఆకారంలో, పైన సన్నటి మెడతో ఇత్తడి గొట్టం.

"పేలినప్పుడు ఇది ఉబ్బుతుంది," అన్నాడు. "నా రైఫిల్‌లో తూటా కూర్చునే గది ఎంతుందో అంతా అవుతుంది. దర్జీ ఒంటి మీద కొలిచినట్టు. మెడ కూడా సాగుతుంది. సాగితే కొత్త గుండుని పట్టుకోదు. అందుకని మెడ బిగించాలి."

ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను మళ్లీ వినలేదు.

"అలాగే సర్. మరి జోలీన్..."

"మెడ వరకే. ఒళ్లు ముట్టుకోకు."

ఆ మాట తూటా గురించే అన్నాడని నమ్మడానికి నాకు పెళ్లయ్యాక ఆరేళ్లు పట్టింది.

ఆ రోజు వంద గొట్టాలు నా ముందు పెట్టాడు. ఆయన పద్ధతి చూపించాడు. మొదటి గొట్టం మెడని అగ్గిపుల్ల మంట మీద తిప్పి మసి పట్టించాడు. కాటుక దిద్దినట్టయింది. దాన్ని ప్రెస్‌లో పెట్టి, పైన బిగించిన మెడ అచ్చులోకి పిడితో ఎక్కించి దించాడు. అచ్చు తాకినంత మేర మసి తుడుచుకుపోయి ఇత్తడి మెరిసింది, తాకని చోట నల్లగా ఉండిపోయింది. అచ్చుని వెంట్రుకవాసి తిప్పి, మళ్లీ మసి పట్టించి, మళ్లీ చూశాడు. మెడ మూడు పాళ్లలో రెండు పాళ్లే బిగించాలి, కింది పాలు వదిలెయ్యాలి. ఆ కింది పాలు రైఫిల్ గదిలో గొట్టాన్ని నడిమధ్యన నిలబెడుతుందని ఆయన నమ్మకం. మసి పూర్తిగా తుడిచేశాక కూడా, బిగించిన చోటికీ బిగించని చోటికీ మధ్య సన్నటి గీత కనబడుతుంది. వెలుతురుకి పెట్టి చూస్తే గొట్టానికి ఉంగరం తొడిగినట్టుంటుంది. జిల్లాలో ఎవరి తూటా అయినా పక్కన పెట్టండి, ఆ గీత ఆ ఎత్తున ఉంటే అది ఆర్విల్ స్ట్రాండ్ పనే.

నాకు మిగిలింది తొంభై తొమ్మిది. ఒక్కొక్క మెడలోకి సీసపు పెన్సిల్ పొడి లాంటి నల్ల పొడిని బుల్లి కుంచెతో రాసి, పిడి వత్తి, పిడి ఎత్తి. యాభై అయ్యేసరికి నా ప్రసంగం మరిచిపోయాను. ఎనభై అయ్యేసరికి మాట్లాడటమే మరిచిపోయాను. జోలీన్ మధ్యలో నిమ్మరసం ఇవ్వడానికి మెట్లు దిగి వస్తే, వాళ్ల నాన్న తూటా మందు డబ్బాల వైపు తిరిగి ఉన్న అర నిమిషంలో... అది వదిలేద్దాం.

వందోది అయ్యాక ఆర్విల్ ఒక ఖాళీ గొట్టం తీసుకుని, నోరు కింది పెదవికి ఆనించి ఊదాడు. సన్నగా, తిన్నగా, పిట్ట కూసినట్టు ఈల. పైన వంటింట్లోంచి నేల మీద రెండు తన్నులు వినిపించాయి. దబ్, దబ్.

"కాఫీ," అన్నాడు ఆయన.

అదీ వాళ్ల కాపురం. కింద నుంచి ఈల, పైనుంచి మా అత్తగారు ఆర్డిస్ మడమ. యాభై ఎనిమిదేళ్లు వాళ్లిద్దరూ ఎక్కువగా ఆ భాషలోనే మాట్లాడుకున్నారు.

పైకి వెళ్లి బల్ల చుట్టూ కూర్చున్నాం. జోలీన్ తెల్లటి ఉన్ని స్వెట్టర్ వేసుకుంది. దాని కాలర్ మీద నాలుగు నల్లటి వేలిముద్రలు, వరసగా, పోలీసులు తీయించినంత శుభ్రంగా ఉన్నాయి. అందరం చూశాం. తూటా గొట్టాల్ని ఇంగ్లీషులో కేసులంటారు; కేసులు పట్టినవాడి మీదే కేసు పడింది. నేను చేతులు బల్ల కింద దాచాను.

ఆర్డిస్ కాఫీ పోస్తూ అంది, "ఆర్విల్, ఈ అబ్బాయికి తూటాలు నేర్పావు సరే. చేతులు కడుక్కోవడం ఎవరు నేర్పాలి?"

ఆయన ఆ ముద్రల్ని చాలాసేపు చూశాడు.

"మెడ వరకే ఉన్నాయిగా," అన్నాడు.

అదే నా నిశ్చితార్థం.

ఆర్విల్‌కి ఒక అన్న ఉండేవాడు, సెల్మర్. పక్క పొలం. 1958లో అన్నదమ్ములిద్దరూ ఒకే రోజు ఒకే కొట్లో ఒకే రకం రైఫిళ్లు చెరొకటి కొన్నారు. కొట్టువాడు కాగితం మిగులుతుందని ఇద్దరికీ కలిపి ఒకే రసీదు రాశాడు, స్ట్రాండ్, రెండు, అని. ఆ చలికాలమే ఇద్దరూ ఒకే షెడ్లో కూర్చుని, ఒకే డబ్బాలో నూనెతో, రెండు రైఫిళ్ల కర్ర భాగాలకీ మెరుగు పెట్టారు. అక్కడితో పోలిక సరి. సెల్మర్‌కి నిలువెత్తు అచ్చు కావాలి. పేలిన గొట్టాన్ని మెడతో పాటు ఒళ్లంతా నొక్కేసి కొత్తదాన్ని చేసేసేవాడు.

"నా తూటా ఎవరి రైఫిల్‌లోనైనా దూరుతుంది," అనేవాడు సెల్మర్. "నీది నీ ఒక్కదాన్లోనే. పాతివ్రత్యం పాటించే తూటాని నీ దగ్గరే చూశాను."

"అందుకే నాది తగులుతుంది," అనేవాడు ఆర్విల్.

ప్రతి క్రిస్మస్‌కీ ఇదే. లెఫ్సా రొట్టెలకి వెన్న రాసుకుంటూ మొదలెట్టేవాళ్లు, వెన్న అయ్యేదాకా నడిచేది. ఆ ఇంట్లో ఆడవాళ్లతో సహా అందరికీ ఈ సిద్ధాంతాలు రెండూ కంఠతా వచ్చు.

చివరి రోజుల్లో సెల్మర్ మైల్స్ సిటీలో వృద్ధుల ఇంటికి వెళ్తూ తన రైఫిల్‌ని తమ్ముడి దగ్గర పెట్టాడు. ఆ చలికాలం ఆయన పోయాడు, ఆ వసంతానికి ఈయన. రెండు రైఫిళ్లూ నేలమాళిగలో చువ్వ మీద పక్కపక్కన మిగిలాయి. ఎవరికీ తొందర లేదు, మూడేళ్లు అలాగే ఉన్నాయి.

ఈ వేసవిలో మా అమ్మాయి సిగ్రిడ్‌కి లాటరీలో దుప్పి వేట అనుమతి వచ్చింది. ఆరేళ్లుగా దరఖాస్తు పెడుతోంది. ఇరవై రెండేళ్ల పిల్ల, సిగ్గి అంటాం. సిగ్గు ఉన్నది ఆ పేరులోనే. తాత ఆస్పత్రిలో దాని చెయ్యి పట్టుకుని, "రైఫిల్ నీకే," అన్నాడు, రెండే మాటలు. ఆయన లెక్కలో అది వీలునామా. అనుమతి కాగితం రాగానే సిగ్గి దాన్ని అమ్మమ్మ ఫ్రిజ్‌కి అంటించేసింది.

సీజన్ శనివారం మొదలు. ముందు ఆదివారం, చర్చి నుంచి వచ్చి ఆర్డిస్ ఇంట్లో భోంచేస్తుంటే ఫోన్ మోగింది. సెల్మర్ కొడుకు డ్వేన్, గ్లెండైవ్ నుంచి. గురువారం ఇటువైపు వస్తున్నాను, నాన్న రైఫిల్ తీసుకెళ్తాను, ఈ ఏడు దాంతోనే వేటకి వెళ్లాలనుంది, అని.

ఆర్డిస్ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి, ఇప్పటికీ నిటారుగా కూర్చుంటుంది.

"ఏది ఎవరిది?" అంది.

అవి కవలలు. కన్నవాళ్లిద్దరూ పోయారు.

"కనుక్కోవాలి," అంది. "గురువారం లోపల తేలకపోతే రెండూ డ్వేన్‌కే ఇచ్చేస్తాను."

"అమ్మమ్మా!" సిగ్గి చేతిలో ఫోర్కు ఆగిపోయింది. "తాత నాకిచ్చాడు!"

"ఇచ్చాడమ్మా. తనది ఇచ్చాడు. పొరపాటున సెల్మర్‌ది నీ చేతిలో పెడితే, నేను పైకి వెళ్లాక ఆ అన్నదమ్ములిద్దరికీ మొహం ఎలా చూపించను? మనది కానిదాన్ని ఇంట్లో ఉంచుకోను. మనది వాళ్లకి పోతే పోయింది."

జోలీన్ చెయ్యి ఊపేసింది. "దీనికెందుకంత గొడవ? నాన్న ఇత్తడి ఉందిగా, ఆ ఎర్ర కాఫీ డబ్బాలో నలభై గొట్టాలు. ఒకటి తీసి రెండిట్లో పెట్టి చూస్తే సరి. నాన్నది ఒకదాన్లో దూరుతుంది, ఇంకోదాన్లో అడ్డం తిరుగుతుంది. ఏం లైల్?"

అందరూ నా వైపు చూశారు. నా నోటికి ఒక జబ్బుంది. మూడు జతల కళ్లు దాని మీద పడితే అది నన్నడక్కుండా పేలుతుంది.

"గంటలో తేల్చేస్తా," అన్నాను.

ఆర్డిస్ భుజాలు దిగాయి. సిగ్గి ఫోర్కు మళ్లీ కదిలింది. నా గొంతులో మాత్రం బంగాళాదుంప అక్కడే నిలబడింది.

ఎందుకంటే ఆ డబ్బా సంగతి నాకొక్కడికే తెలుసు.

మామగారి అంత్యక్రియలైన మర్నాడు ఒంటరిగా నేలమాళిగలోకి దిగాను. ఆయన చివరిసారి కాల్చి తెచ్చిన నలభై గొట్టాలూ డబ్బాలో ఉన్నాయి, మెడలు బిగించకుండా. ఆయన మిగిల్చిన పని నేను పూర్తి చేస్తే బాగుంటుందనిపించింది. ముప్పై ఏళ్లుగా ఆ ప్రెస్‌లో మెడ అచ్చు తప్ప ఇంకోటి చూసి ఎరగను. కళ్లనిండా నీళ్లు, పైకి చూడనే లేదు. మొదటి గొట్టానికే పిడి మొరాయించింది. దుఃఖం వల్ల చేతిలో బలం లేదనుకున్నాను. కాస్త నూనె రాశాను. దిగింది. ఇంకోటి. ఇంకోటి. నల్ల పొడితో సరిపోయే మెడ బిగింపుకి నూనె రాసిన మొనగాడు ఈ భూమ్మీద నేనొక్కడినే, కన్నీళ్లలో ఆ సంగతి తట్టలేదు.

నలభయ్యోది తుడిచి, ఆయన గీత చూసుకుందామని వెలుతురుకి పెట్టాను. గీత లేదు. మెడ కింద నుంచి పైదాకా ఒకే నునుపు. తల పైకెత్తి చూస్తే ప్రెస్‌లో సెల్మర్ నిలువెత్తు అచ్చు. వృద్ధుల ఇంటికి వెళ్లే ముందు చివరిసారి వచ్చి తన తూటాలు చేసుకుని, తియ్యడం మరిచిపోయినట్టున్నాడు. యాభై ఏళ్ల వాదనలో ఆఖరి మాట ఆయనదే అయింది, నా చేతుల మీదుగా.

ఆ నలభై గొట్టాల ఒంటి మీద ఉన్న కొలతంతా చెరిగిపోయింది. ఇక అవి రెండు రైఫిళ్లలోనూ సుఖంగా దూరతాయి. డబ్బా మూత పెట్టేసి పైకి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పని విషయం నా జీవితంలో అదొక్కటే, అందుకే అంత బరువు.

సోమవారం షాపుకి తాళం వేసి వెతుకులాటకి బయల్దేరాను. మామగారు గురి సరిచూసుకునే కొండ వాలుకి వెళ్లాను. గడ్డిలో మోకాళ్ల మీద పాకాను. తుప్పుపట్టిన ముళ్లకంచె ముక్కలు దొరికాయి, గాజు సీసా మూత దొరికింది. ఆర్విల్ స్ట్రాండ్ ఇత్తడి నేల మీద వదిలే మనిషి కాడు, తన పళ్లనైనా వదిలేవాడేమో. మంగళవారం ఆయన ట్రక్కు సీటు కిందా, వేట కోటు జేబుల్లోనూ చూశాను. పెప్పర్‌మింట్ బిళ్లలు మూడు. ఒకటి తిన్నాను. ఆయన వాసన వచ్చింది. ట్రక్కులోనే కాసేపు కూర్చుండిపోయాను.

బుధవారం పొద్దున్నే ఆర్డిస్ ఇంటికి వెళ్లాను. పిండి కలుపుతోంది.

"తేలిందా?" అంది, తలెత్తకుండా.

"అమ్మా, మీకో మాట చెప్పాలి."

"నువ్వు చెప్పని రోజుందా? కూర్చుని చెప్పు."

చెప్పాను. నూనె రాసిన సంగతితో సహా చెప్పాను. నా నోటి నుంచి ఒక్క ఛలోక్తి కూడా రాకపోవడం చూసి ఆమె పిండి కలపడం ఆపేసింది.

"నలభైనీ?"

"నలభైనీ."

"ఒక్కటీ మిగల్లేదా?"

"ఒక్కటీ."

ఆమె చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. నన్ను తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"నూనె రాశావా," అంది చివరికి. "ఆర్విల్ బతికుంటే నిన్ను తన్నేవాడు."

"తన్నేవాడు కాదమ్మా. చూసేవాడు. అదింకా కష్టం."

ఆమె మొహంలో నవ్వులాంటిది వచ్చి వెళ్లింది. పొయ్యి పక్కన గోడకి కొట్టిన మేకు దగ్గరికి వెళ్లింది. ఆ మేకుకి కొలత చెంచాలు వేలాడుతుంటాయి, నేను వేలసార్లు చూశాను. చెంచాల వెనక నుంచి ఒక పురికొస తీసింది. దాని చివర, అంచు గాడిలో ముడి వేసి, ఖాళీ తూటా ఒకటి.

"ఆస్పత్రికి వెళ్లేముందు చొక్కా జేబులో ఇదుంది," అంది. "ఆయన ఈల. దీన్నయితే నువ్వు ఏ అచ్చులోనూ పెట్టలేదు."

అందుకోవడానికి చెయ్యి చాచాను. ఆమె వెంటనే ఇవ్వలేదు. మూడేళ్లుగా దాన్ని తుడవలేదట. ఎవర్నీ నోట పెట్టుకోనివ్వలేదట, తనతో సహా. అప్పుడు కత్తెర తీసుకుని పురికొస తనే కత్తిరించి నా అరచేతిలో పెట్టింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూశాను. మెడ మీద, మూడింట రెండు పాళ్ల దగ్గర, సన్నటి ఉంగరం.

"ఇప్పుడే చూసేద్దామా?" అన్నాను.

"వద్దు. డ్వేన్ కూడా ఉండాలి. వాడి వెనకాల తేల్చింది తేల్చినట్టు కాదు."

గురువారం మధ్యాహ్నం డ్వేన్ వచ్చాడు. అరవై ఏళ్ల వాడు, గుమ్మం పట్టనంత మనిషి. లోపలికి వస్తూనే నా తల మీద అరచేత్తో ఒకటి చరిచాడు.

"ఏం గుండూ! ఇంకా మొలవలేదా?"

"మొలకలకి గోధుమ రైతుని అడుగు. నేను కోతలవాణ్ణి."

"కోతలు కొయ్యడంలో నిన్ను మించినవాడు లేడులే." ఆర్డిస్‌ని వంగి ముద్దుపెట్టుకున్నాడు. "పిన్నీ, కాఫీ వాసన అదే. ఇల్లూ అదే."

వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి రెండు రైఫిళ్లూ పెట్టాం. జోలీన్, సిగ్గి గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను సంగతి వివరించడానికి గొంతు సవరించుకున్నాను. ఈలోగా డ్వేన్ కుడివైపు రైఫిల్ ఎత్తి, కర్ర తిప్పి చూసి, బొటనవేలితో ఒక చోట రాశాడు.

"ఇదే నాన్నది."

"ఎలా తెలుసు?" అంది ఆర్డిస్.

"ఈ గాటు చూడు. నాకు పదిహేడేళ్లప్పుడు నేను పెట్టిందే. వేట నుంచి వచ్చాక నాన్న రైఫిల్ ట్రక్కులోంచి తీస్తూ తలుపుకి కొట్టాను. ఎవరూ చూడలేదు. గాటు కనబడకుండా వాల్‌నట్ గింజతో రుద్ది, నూనె రాసి, మళ్లీ ట్రక్కులో పెట్టేశాను. ఆ చలికాలమంతా నాన్న ఎప్పుడు పిలుస్తాడా, ఎప్పుడు తోలు ఊడదీస్తాడా అని చచ్చాను. ఆయన అనలేదు. కళ్లు మసకలేమో అనుకున్నా." వేలు ఇంకా గాటు మీదే ఉంది. "నలభై మూడేళ్లయింది. వేలికి గుర్తుంది."

ఆర్డిస్ సిగ్గి వైపు చూసింది. సిగ్గి రెండో రైఫిల్ వైపు చూస్తోంది. అదయినా తాతదేగా అన్నట్టు, కొంచెం తొందరగా, తల ఊపింది. ఇంకేం, తేలిపోయింది. నేను నోరు మూసుకుంటే అందరూ సుఖంగా కాఫీ తాగుతారు.

నోరు మూసుకోవడం నాకు చేతకాదని చెప్పాను కదా.

"ఇత్తడిని కూడా అడుగుదాం," అన్నాను.

డ్వేన్‌కి ఈల చూపించాను. వాడు ఆర్విల్ గీతని వెంటనే గుర్తుపట్టాడు. "ఇది బాబాయిదే," అన్నాడు.

గాటు లేని రైఫిల్ ముందు తీసుకున్నాను. తూటాని గదిలో పెట్టి, బోల్టు ముందుకు తోసి, పిడి కిందికి వంచాను. సగంలో ఆగిపోయింది. వేలితో కొంచెం నొక్కాను. కదల్లేదు. గట్టిగా నొక్కడానికి మనసొప్పలేదు, అది ఆయన ఈల.

తీసి రెండోదాన్లో పెట్టాను. గాటు ఉన్నదాన్లో. బోల్టు వెళ్లింది. పిడి దానంతటదే దిగిందా అన్నట్టు దిగింది, చివర్లో చిన్న పట్టు, చెయ్యి చేతిని పట్టుకున్నంత.

అందరం బల్ల మీదికి వంగాం.

"మళ్లీ పెట్టు," అన్నాడు డ్వేన్.

"నువ్వే పెట్టు."

వాడు పెట్టాడు. ఒకదాన్లో ఆగింది, ఒకదాన్లో దిగింది. ఇంకోసారి చేశాడు. మూడోసారి గాటు ఉన్న రైఫిల్‌లో బోల్టు మూసి, తియ్యకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే నేను కొట్టింది..."

"ట్రక్కులో రెండూ ఉండేవి కదా," అంది ఆర్డిస్ మెల్లగా. "చలిగాలిలో, చీకటి పడే వేళకి. ఏది చేతికందితే అది తీసుంటావు."

"బాబాయిది." డ్వేన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుర్చీ మూలిగింది. "నాన్నకి కనబడకపోవడం కాదు. నాన్నది బాగానే ఉంది. బాబాయి చూసుంటాడు. ప్రతి రోజూ తుడిచే మనిషి, చూడకుండా ఎలా ఉంటాడు? ఒక్క మాట అన్నాడా మీతో?"

"అనలేదు."

"ఆ క్రిస్మస్‌కి నాకు ఒక కత్తి ఇచ్చాడు పిన్నీ. ఇస్తూ చెవిలో అన్నాడు. 'వాల్‌నట్ పని బాగుంది' అని. ఏ వాల్‌నట్టో నాకర్థం కాలేదు. ముసలాయన ఏదో అంటున్నాడనుకున్నా." పెద్ద చేత్తో మొహం ఒకసారి తుడుచుకున్నాడు. తర్వాత లేచి, ఈల బయటికి తీసి ఆర్డిస్‌కి ఇచ్చి, గాటు ఉన్న రైఫిల్‌ని సిగ్గి చేతుల్లో పెట్టాడు. "తీసుకోమ్మా. ఆ గాటు నాది, మిగతా అంతా మీ తాతది. దాన్ని బాగుచేయించావో, నేనూరుకోను."

"చేయించను మావయ్యా," అంది సిగ్గి. మొదటిసారి దాని గొంతులో పేరుకి తగ్గ సిగ్గు వినిపించింది.

"ఏం గుండూ, ఏడుస్తున్నావా?" అన్నాడు డ్వేన్ నాతో.

"మందు ఘాటు," అన్నాను.

"ఇక్కడ మందెక్కడుంది?"

"అదే నా ఏడుపు."

శుక్రవారం పొద్దున మామగారి కొండ వాలు మీద సిగ్గి గురి సరిచూసుకుంది. నేను చెరిపేసిన ఆ నలభై గొట్టాలనే నింపి ఇచ్చాను. సెల్మర్ సిద్ధాంతం ప్రకారం అవి ఎవరి రైఫిల్‌లోనైనా దూరతాయి, సుఖంగా దూరాయి. ఒక్కొక్కటి పేలి బయటికి దూకినప్పుడల్లా వేడివేడిగా ఏరి ఎర్ర కాఫీ డబ్బాలో వేశాను. ముప్పయ్యోదో ముప్పై ఒకటోదో ఏరుతుండగా తట్టింది. అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను.

"నాన్నా, ఏమైంది?"

"బోల్టు తియ్యి. ఇది పెట్టు. ఖాళీదే, ఉత్తినే పెట్టు."

పెట్టింది. బోల్టు మూసింది. చివర్లో ఆ చిన్న పట్టు.

"ఇంకా?" అంది.

ఇంకా ఏమీ లేదు. పేలితే ఉబ్బుతుంది, గది ఎంతుందో అంతా అవుతుంది. మూడేళ్లుగా నేను చెరిపేశాననుకున్న కొలత ఆ రైఫిల్ దగ్గర అలాగే ఉంది. నలభై సార్లు పేలిస్తే నలభైకీ మళ్లీ ఇచ్చేసింది.

మధ్యాహ్నం నేలమాళిగలోకి దిగాం. సెల్మర్ అచ్చుని విప్పి, గుడ్డలో చుట్టి, డ్వేన్ కోసం పక్కన పెట్టాను. సొరుగులో మెడ అచ్చు దొరికింది. బిగించాను. అగ్గిపుల్ల గీసి మొదటి గొట్టం మెడకి మసి పట్టించి సిగ్గికి ఇచ్చాను. ప్రెస్ పిడి దాని చేతిలో పెట్టాను.

"ఇక్కడిదాకే," అన్నాను, గోటితో చూపిస్తూ. "మూడింట రెండు పాళ్లు."

"ఒళ్లు?"

"ముట్టుకోకు."

"అమ్మతో నీ పెళ్లి మాటలప్పుడు తాత నీకు చెప్పింది ఇదేనట కదా?"

"ఎవరు చెప్పారు?"

"అమ్మమ్మ. స్వెట్టర్ సంగతి కూడా చెప్పింది."

నా తలంతా ఎర్రబడి ఉంటుంది, దాచడానికి జుట్టు లేదు. సిగ్గి పిడి దించింది, ఎత్తింది. గొట్టాన్ని బల్బు కిందికి తెచ్చి చూశాం. కొంచెం ఎక్కువైంది. అచ్చు వెంట్రుకవాసి తిప్పాను. మళ్లీ మసి, మళ్లీ పిడి. ఈసారి గీత ఆయన గీత దగ్గరే నిలిచింది. నాకు మాట్లాడాలనిపించలేదు. అది రెండోది అందుకుంది, మూడోది అందుకుంది. దాని వేళ్లు నల్లగా అవుతున్నాయి.

పద్నాలుగోది పూర్తవుతుండగా పైనుంచి వినిపించింది. సన్నగా, మధ్యలో కొంచెం తడబడి, మళ్లీ సర్దుకుని, పిట్ట కూసినట్టు.

సిగ్గి పిడి వదిలేసింది. ఇద్దరం పైకప్పు వైపు చూశాం. ఆ ఈల ఎప్పుడూ కింద నుంచి పైకే వెళ్లేది. పైనుంచి కిందికి వస్తే ఏం చెయ్యాలో మాకెవరికీ తెలియదు.

మూలనున్న చీపురు తీసుకున్నాను. కర్ర చివరతో పైకప్పు చెక్క మీద రెండుసార్లు కొట్టాను. దబ్, దబ్.

"చేతులు కడుక్కో," అన్నాను సిగ్గితో. "కాఫీ."